థీటా ప్రమేయాలా, వెక్టర్ బండిళ్లా: ముందు ఏది చదవాలి?

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద సెలవుల్లో లెక్కలు చేసుకునే ఎమ్మెస్సీ పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. వారిలో బీజీయ వక్రాల (బహుపది సమీకరణాలతో ఏర్పడే వక్రాల) మీద పరిశోధన చేయాలనుకుంటున్న ఒకడు మొన్న, “మాస్టారూ, ముందు థీటా పట్టుకోమంటారా, బండిళ్లు పట్టుకోమంటారా?” అని అడిగాడు.

థీటాయే అన్నాను. థీటా ప్రమేయం అంటే వక్రానికి జతపడే ఒక అనంత శ్రేణి; వెక్టర్ బండిల్ అంటే వక్రంలోని ప్రతి బిందువుకూ ఒక సదిశాంతరాళాన్ని తగిలించిన నిర్మాణం. థీటా చేతికి అందుతుంది. పూర్ణాంకాల వర్గాలు ఘాతంలో కూర్చుంటాయి కనుక శ్రేణి అతివేగంగా అభిసరిస్తుంది. జీనస్ (వక్రపు తలంలోని రంధ్రాల సంఖ్య) 1లో, శ్రేణిలోని చలరాశుల్లో టౌ విలువ ఐ (మైనస్ ఒకటి వర్గమూలం) గాను, జడ్ విలువ సున్నా గాను తీసుకుంటే మొదటి పదం 1, తరువాతి జంట 0.0864278, ఆపై జంట 0.0000070, మొత్తం 1.0864348, ఆ తరువాతి జంట పన్నెండో దశాంశ స్థానంలో గాని కనబడదు. మామూలు కాలిక్యులేటరు చాలు.

బండిళ్ల దారిలో ఇంత తొందరగా ఏదీ చేతికి రాదు. షీఫ్ కోహోమాలజీ (స్థానిక సమాచారాన్ని వక్రం మొత్తం మీద అతికించడంలో వచ్చే అడ్డంకులను కొలిచే పద్ధతి) రావాలి; పైగా అన్ని బండిళ్లనూ ఒకచోట పేర్చబోతే మంచి అంతరాళం ఏర్పడదు కనుక, తనకంటే చిన్నదైన ప్రతి ఉపబండిల్‌కూ డిగ్రీని (బండిల్ ఎంత మెలితిరిగిందో చెప్పే పూర్ణాంకాన్ని) కోటితో (ర్యాంకుతో, అంటే తగిలించిన సదిశాంతరాళాల పరిమాణంతో) భాగించిన విలువ మొత్తం బండిల్ విలువకంటే తక్కువగా ఉండాలన్న మమ్‌ఫర్డ్ సుస్థిరత నియమం ఎందుకు అవసరమో అర్థం కావాలి. అయితే ఇక్కడి ఫలితాల లోతు వేరు. డిగ్రీ సున్నా గల సుస్థిర బండిళ్లు, వక్రపు ప్రాథమిక సమూహానికి (వక్రం మీది మూసిన దారులతో ఏర్పడే సమూహానికి) ఉండే అవిభాజ్య యూనిటరీ ప్రాతినిధ్యాలే (ఆ సమూహాన్ని యూనిటరీ మాత్రికలుగా రాసే తీరులే) అని 1965లో భారతీయ గణితజ్ఞులు నరసింహన్, శేషాద్రి నిరూపించారు. సమూహ ప్రాతినిధ్యాలు ముందే బాగా వచ్చినవాడు నా సలహా పక్కన పెట్టి ఇక్కడే మొదలుపెట్టవచ్చు.

థీటా దారిలో ఒక గుంట ఉంది. జీనస్ 4లో టౌ స్థానంలో వచ్చే పీరియడ్ మాత్రికలకు 10 స్వతంత్ర రాశులుంటే వక్రాలకు 9 మాత్రమే, అంటే ప్రతి మాత్రికా వక్రం నుంచి రాదు. బండిళ్లవారు వక్రంతోనే మొదలుపెడతారు కనుక వారికి ఈ బెడద లేదు.

రెండూ కలిసేది జీనస్ 2లో. కోటి 2, నిర్ధారకం (డిటర్మినెంట్) తుచ్ఛం (ట్రివియల్) అయిన బండిళ్ల మాడ్యులై అంతరాళం (అలాంటి బండిళ్లే బిందువులుగా ఉండే అంతరాళం) త్రిమితీయ ప్రక్షేప అంతరాళమేనని నరసింహన్, రామనన్ 1969లో చూపారు; జాకోబియన్ (వక్రం మీది డిగ్రీ సున్నా, కోటి 1 బండిళ్ల అంతరాళం) మీద రెండో స్థాయి థీటా ప్రమేయాలు నాలుగు ఉండటమే అందుకు మూలం. థీటా ముందు చదివినవాడికి ఆ నాలుగు పాత పరిచయస్థులు.

కుర్రవాడు నమ్మక, ఒక శుభలేఖ వెనక, ఆ మాడ్యులై అంతరాళం మీద ఒక్కో స్థాయిలో ఎన్ని స్వతంత్ర థీటా ప్రమేయాలుంటాయో చెప్పే వెర్లిండే సూత్రం రాసి స్థాయి 2 వేశాడు: సైన్ వర్గాల విలోమాలు 2, 1, 2, మొత్తం 5, ముందున్న గుణకం 2, వెరసి 10. అది త్రిమితీయ ప్రక్షేప అంతరాళమే అయితే అదే సంఖ్యలో ఉండవలసిన, నాలుగు చలరాశుల్లో ద్వితీయ సజాతీయ ఏకపదులను పక్కనే ఒక్కొక్కటిగా రాసి లెక్కపెట్టాడు. అవీ పదే.