బాలాజీ కాలనీలో ఎనిమిది ఆదివారాల లీ గ్రూపుల తరగతులు: ఒక విద్యార్థి సమీక్ష

ఎమ్మెస్సీలో లీ గ్రూపుల (భ్రమణాల వంటి, తెంపు లేకుండా మారే సౌష్ఠవాల సమూహాల) పేపరు తీసుకుని, వాటిని సులువైన భాగాలుగా విడదీసే డీకంపోజిషన్ (విభజన) సిద్ధాంతాలు కంఠతా వచ్చినా అవి జ్యామితిలో ఎక్కడ అక్కరకొస్తాయో బోధపడక తికమకపడుతున్న రోజుల్లో, తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మేడమీది గదిలో జరిగే ఈ తరగతుల గురించి మా సీనియర్ చెప్పారు. ఎనిమిది ఆదివారాలు, ఒక్కో తరగతి రెండున్నర గంటలు, రుసుము 2,000 రూపాయలు.

మొదటి రోజు మాస్టారు నిర్వచనాల జోలికి పోకుండా బోర్డు మీద ఒక మాత్రిక రాశారు: పై వరుసలో 3, −1; కింది వరుసలో 4, −1. నిర్ధారకం 1. డిగ్రీలో చదివిన గ్రామ్–ష్మిట్ పద్ధతిని (సదిశలను ఒకదానికొకటి లంబంగా, ఒక యూనిట్ పొడవుతో మార్చేది) దాని నిలువు వరుసల మీద ప్రయోగించమన్నారు. మొదటి నిలువు వరుస పొడవు 5 కనుక, 3/5, 4/5 లతో ఏర్పడే ఒక భ్రమణం (‘కే’), వికర్ణంలో 5, 1/5 ఉన్న ఒక మాత్రిక (‘ఏ’), వికర్ణమంతా 1లు ఉండి పై మూలలో −7/25 ఉన్న ఒక త్రిభుజ మాత్రిక (‘ఎన్’), ఈ మూడింటి లబ్ధంగా అది విడిపోయింది. 1949లో కెంకిచి ఇవసావా ప్రచురించిన సిద్ధాంతానికి ఇదే అతి చిన్న ఉదాహరణ అని ఆయన అన్నప్పుడు, ఏడాదిగా నేను భయపడుతున్నది ఈ లెక్కకేనా అనిపించింది.

తరువాతి రెండు వారాలు ఈ కోర్సుకు ప్రాణం. అదే విభజనను విలోమాలు తీసి ఎన్ఏకే క్రమంలో తిరగరాస్తే, ‘కే’ భాగం ఊర్ధ్వ అర్ధతలంలోని (సంకీర్ణ సంఖ్యల తలంలో పై సగంలోని) ‘ఐ’ బిందువును, అంటే −1 వర్గమూలాన్ని, కదిలించదు, ‘ఏ’ భాగం దానిని నిలువుగా జరుపుతుంది, ‘ఎన్’ భాగం పక్కకు జరుపుతుంది; కాబట్టి తలంలోని ప్రతి బిందువుకూ రెండు నిరూపకాలు వాటంతటవే వచ్చేస్తాయి. కార్టాన్ విభజన అయిన కేఏకే రూపానికి వచ్చేసరికి ఇవే ధ్రువ నిరూపకాలుగా మారాయి: ‘కే’ దిశను చెబుతుంది, ‘ఏ’ దూరాన్ని చెబుతుంది, అతిపరావలయ తలంలో (హైపర్బోలిక్ దూరంతో కొలిచే ఆ ఊర్ధ్వ అర్ధతలంలోనే) ఆర్ వ్యాసార్ధం గల వృత్తం చుట్టుకొలత 2π సైన్‌హెచ్ ఆర్ (హైపర్బోలిక్ సైన్) అని తేలుతుంది. సాంఖ్యక గణితం వారు రోజూ వాడే సింగ్యులర్ వేల్యూ విభజన (మాత్రికను రెండు లంబ మాత్రికలు, మధ్యలో ఒక వికర్ణ మాత్రికగా విడదీసేది) కూడా ఈ కుటుంబానిదేనని ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్లారు. అక్కడ ఇంకాస్త ఆగి ఉండవలసింది.

గ్రూపునే రెండు రకాల భాగాలుగా విడదీసే లెవీ విభజనకు ఒక తరగతి కేటాయించారు గానీ, అది పాఠ్యపుస్తకం చదివినట్టే సాగింది. అసలు నిరాశ బ్రూహాట్ విభజన (మాత్రికను రెండు త్రిభుజ మాత్రికలు, వాటి మధ్య ఒక వరుసల మార్పిడిగా రాసేది) దగ్గర. చివరి ఆదివారం అరగంటలో సిద్ధాంతం రాసి, మూడు పరిమాణాల్లో ఫ్లాగ్ మానిఫోల్డు (మూలబిందువు గుండా పోయే ఒక రేఖ, దాన్ని కలిగిన ఒక తలం, ఇలాంటి జతలన్నీ కలిసిన ఆకృతి) ఆరు గదులుగా (సెల్స్‌గా) విడిపోతుందనీ, వాటి పరిమాణాలు 0, 1, 1, 2, 2, 3 అనీ చెప్పి ముగించారు. గాస్ నిర్మూలనలో సున్న అడ్డుపడినప్పుడు మనం వరుసలు మార్చుకుంటామే, ఆ మార్పిడుల లెక్కను పట్టి ఉంచే ప్రస్తారమే (పర్మ్యుటేషనే) ఒక్కో గదికి గుర్తు అని ఒక్క ఉదాహరణతో చూపించి ఉంటే అందరికీ అందేది.

రుసుములోనే ఇచ్చే స్పైరల్ బైండింగ్ నోట్సు ముద్రణ బాగుంది గానీ, తప్పులున్నాయి. మధ్యాహ్నం ఎండకు మేడమీది గదిలో ఫ్యాను సరిపోదు, వెనుక వరుసకు బోర్డు కింది సగం కనబడదు. రేఖీయ బీజగణితం గట్టిగా వచ్చినవారికే ఈ కోర్సు. నెట్ పరీక్షకు ప్రశ్నల సాధన కోరేవారికి ఇక్కడ దొరికేది తక్కువ.

చేరేవారు నోట్సులో కార్టాన్ విభజన అధ్యాయం చూసుకోవాలి. ‘ఏ’ మాత్రిక వికర్ణంలో ‘e’ ఘాతం టీ, ‘e’ ఘాతం −టీ వేసి, ‘ఐ’ బిందువు జరిగే దూరం టీ అని అచ్చువేశారు. దాన్ని నమ్మి హోంవర్కు చేస్తే నా చుట్టుకొలత పక్కన కూర్చున్న అమ్మాయి జవాబుతో కలవలేదు. గంటసేపు కుస్తీ పట్టాక తెలిసింది, అక్కడ దూరం 2టీ. మాస్టారికి చూపిస్తే వెంటనే ఒప్పుకుని బోర్డు మీద సరిదిద్దారు, కానీ మా తరువాతి బ్యాచ్‌కు ఇచ్చిన ప్రతుల్లోనూ ఆ పేజీ అలాగే ఉంది.