లొబుచేలో వెనక్కి తిరిగాం

మేం ఎవరెస్ట్ బేస్ క్యాంప్ చూడలేదు. ఆ ఫోటోల కోసం చదువుతున్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మేం లొబుచేలో, సుమారు 4,930 మీటర్ల దగ్గర వెనక్కి తిరిగాం. అక్టోబరు చివర్లో వెళ్ళాం, నేనూ మా బావా. ఈ ట్రిప్ గురించి ఎవరడిగినా బాగుందనే చెబుతున్నాను, కానీ ప్యాకేజీ ఎంచుకోవడంలో నేను చేసిన తప్పు మాత్రం ఎవరూ చేయొద్దని చెబుతున్నాను.

ఆ తప్పేంటంటే, రెండు ఏజెన్సీల ప్యాకేజీలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకటి 14 రోజులు, రెండోది 11 రోజులు. లాడ్జీలు దాదాపు అవే, గైడ్ ఉన్నాడు, పోర్టర్ ఉన్నాడు, విమానం టికెట్టు కూడా కలిపే ఉంది. రెండోది బాగా చవక. సెలవులూ కలిసొస్తాయి. ఇంకేం, డబ్బు కట్టేశాను. తగ్గిన ఆ మూడు రోజులు ఎక్కడ తగ్గాయో చూడలేదు. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడటానికి దారిలో ఆగే విశ్రాంతి రోజుల్లో నామ్చేలోది ఉంచి, ఇంకా పైనున్న డింగ్‌బోచేలోది తీసేశారు. తిరుగు దారి కుదించారు. చివర్లో, నడక మొదలై ముగిసే లుక్లాలో విమానం ఆలస్యమైతే పనికొచ్చేలా ఒక్క రోజు కూడా వదల్లేదు. తర్వాత మాకు జరిగినవన్నీ ఈ మూడు కోతల్లోంచి పుట్టినవే.

నేను భయపడ్డవేవీ భయపెట్టలేదు. లుక్లా విమానం గురించి రెండు నెలలు వీడియోలు చూసి టెన్షన్ పడ్డాను. రన్‌వే 527 మీటర్లే, అదీ పన్నెండు శాతం దాకా వాలుతో ఉంటుంది. ఒక చివర కొండ, ఇంకో చివర లోయ. రద్దీ సీజన్‌లో విమానాలు కాఠ్మాండు నుంచి కాకుండా రామెఛాప్ జిల్లా మంథలి నుంచి నడుస్తాయి కాబట్టి అర్ధరాత్రి దాటాక వ్యానెక్కించి నాలుగైదు గంటలు మలుపుల్లో తిప్పారు. ఆ వ్యాన్‌లో కడుపు తిప్పిన దానితో పోలిస్తే ఇరవై నిమిషాల విమానం ఒక లెక్క కాదు. చక్రాలు నేలని తాకడం, ఎత్తు మీదకి పరిగెత్తి ఆగడం, దిగండి దిగండి అనడం, అంతా అయిపోయింది. నామ్చేకి ముందు దూద్ కోసీ నది మీద ఉన్న హిల్లరీ వంతెన కూడా అంతే. ఊగుతుంది, కింద చూస్తే కళ్ళు తిరుగుతాయి, దాటేస్తాం. కాలిబాటలో ఎదురుగా సరుకులు మోస్తూ కంచర గాడిదలో యాక్‌లో వస్తే మాత్రం లోయ వైపు నిలబడకూడదు, కొండని ఆనుకుని నిలబడాలి. మొదటి రోజు గైడ్ చెప్పిన ఈ ఒక్క మాటా ఎన్నిసార్లు పనికొచ్చిందో.

బసల సంగతి. దారి పొడుగునా ఉన్నవి టీహౌస్‌లు. గది చవకే, కానీ భోజనం అక్కడే చెయ్యాలి, వాళ్ళ ఆదాయమంతా వంటగదిలోనే. ఫక్‌డింగ్‌లో రాత్రంతా నది హోరు, హాయిగా నిద్రపట్టింది. నామ్చే (3,440 మీటర్లు) ఈ దారి మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు. బేకరీలు, మందుల షాపు, ఏటీఎం, మనం మర్చిపోయి వచ్చిన ప్రతి వస్తువూ అమ్మే దుకాణాలు. అక్కడ విశ్రాంతి రోజంటే మంచం మీద పడుకోవడం కాదు. పొద్దున ఇంకో నాలుగు వందల మీటర్లు ఎక్కి, ఖుంజుంగ్ వైపు వెళ్ళి, మధ్యాహ్నం దిగొచ్చి పడుకోవాలి. ఖుంజుంగ్‌లో 1961లో ఎడ్మండ్ హిల్లరీ కట్టించిన బడి ఇంకా నడుస్తోంది. దాని ఆవరణలో కూర్చుని అరగంట ఊపిరి తీసుకున్నాం. ఆ పొద్దున్నే దారిలో ఎవరెస్ట్ కొస మొదటిసారి కనబడింది. పక్క శిఖరాలు లోత్సే, నుప్త్సేల గోడ వెనక నుంచి తల మాత్రం బయట పెట్టినట్టుంది. బావ కాస్త నిరాశపడ్డాడు. "అదేనా? ఇంకా పెద్దగా ఉంటుందనుకున్నా" అన్నాడు. బేస్ క్యాంప్‌కి చేరినా శిఖరం కనబడదని, దానికి పక్కనున్న కాలా పత్థర్ అనే గుట్ట ఎక్కాలని గైడ్ చెప్పేసరికి ఇంకాస్త నీరసించాడు. నాకు మాత్రం తర్వాత ఆ మాటే పెద్ద ఓదార్పు అయింది.

తెంగ్‌బోచేలో మఠం ముందు సాయంత్రం మంచు పడింది. ఈ మఠం 1934 భూకంపంలో కూలి, 1989లో మంటల్లో కాలి, మళ్ళీ లేచింది. లోపల ప్రార్థన జరుగుతుంటే వెనక గోడకి ఆనుకుని కూర్చోనిచ్చారు. అక్కడి లాడ్జి మామూలుగా ఉంది, మరుగుదొడ్డిలో నీళ్ళు గడ్డకట్టాయి. డింగ్‌బోచేలో గది బాగుంది. ఎత్తు పెరిగే కొద్దీ ధరలూ పెరుగుతాయి. ఫోన్ ఛార్జింగ్‌కి డబ్బులు, వేడినీళ్ళకి డబ్బులు, వైఫై కార్డుకి డబ్బులు. సరుకంతా మనుషులూ పశువులూ మోసుకొచ్చిందే కాబట్టి నాకు గొణగాలనిపించలేదు. భోజనానికి దాల్ భాత్ తీసుకుంటే అన్నం, పప్పు, కూర మళ్ళీ అడిగి పెట్టించుకోవచ్చు. పిజ్జా అడిగినవాళ్ళ ప్లేట్లు చూసి జాలిపడ్డాం.

లొబుచే బస మాత్రం అన్నిట్లోకీ అధ్వానం. గదికీ గదికీ మధ్య పలచటి ప్లైవుడ్. పక్క గదిలో ఎవరో దగ్గుతుంటే మన మంచం మీదే దగ్గుతున్నట్టుంటుంది. వెచ్చగా ఉండేది భోజనాల గది ఒక్కటే, మధ్యలో యాక్ పిడకలు వేసి మండించే పొయ్యి. మధ్యాహ్నం మేం చేరేసరికి అది ఇంకా అంటించలేదు. బావ ఏమీ తినలేదు, గోడకి తలానించి కూర్చున్నాడు. అలసిపోయాడనుకున్నాను. ఆ ఎత్తులో గాల్లో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గరతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువే, అందరూ అలాగే కూర్చున్నారు.

గైడ్ ఎదురుగా కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి నేల మీద రెండు చెక్క పలకల మధ్య ఉన్న గీతని చూపించి, "సర్, దీని మీద నడవండి. మడమకి వేళ్ళు ఆనిస్తూ" అన్నాడు హిందీలో. బావ నవ్వుతూ లేచాడు. ఒక అడుగు, రెండో అడుగు. మూడోది గీతకి జానెడు దూరంలో పడింది, బల్ల పట్టుకున్నాడు. "ఈ చెప్పులు వదులుగా ఉన్నాయి" అన్నాడు. విప్పమన్నాడు గైడ్. మేజోళ్ళతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మళ్ళీ మూడో అడుగుకే పక్కకి తూలాడు. ఈసారి ఎవరం నవ్వలేదు.

"బావా, తలనొప్పి ఎప్పటినుంచి?"

"డింగ్‌బోచే నుంచే బామ్మర్దీ. చెబితే ఆపేస్తావని..."

జాకెట్ జేబులో నొప్పి మాత్రల స్ట్రిప్ ఖాళీగా ఉంది.

మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలని అంటారు. మేం తెంగ్‌బోచే నుంచి డింగ్‌బోచేకి 550, అక్కణ్ణుంచి లొబుచేకి 520, మధ్యలో ఆగకుండా ఎక్కాం. తలనొప్పి, వాంతులు దాటి నడక తూలడం మొదలైందంటే మెదడులో వాపు వస్తోందేమోనని అనుమానించాలి, పొద్దున్నదాకా చూద్దాం అనుకోకూడదు. చీకటి పడబోతోంది, హెలికాప్టర్లు ఎగరవు. గైడ్ తన మందుల సంచిలోంచి మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి, అరగంటలో ఒక గుర్రాన్నీ దాని యజమానినీ పట్టుకొచ్చాడు. గుర్రానికి అడిగిన రేటుకి బేరమాడకుండా ఒప్పుకున్నాను.

దిగేటప్పుడు థుక్లా కనుమ దాటాలి. ఎవరెస్ట్ మీద చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా అక్కడ రాళ్ళ స్థూపాలు, జెండాల తోరణాలు ఉంటాయి. మధ్యాహ్నం అక్కడే ఆగి ఫోటోలు తీసుకున్నాం, రకరకాలుగా నిలబడి. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో అటు తలతిప్పలేదు. వాలు మరీ ఎక్కువైన చోట బావని గుర్రం దించి చెరో భుజం పట్టుకుని నడిపించాం. పెరిచేలో దీపాలు కనబడేసరికి ఎనిమిది దాటింది.

పెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్ ఉంది. 1973లో ఏర్పడిన సంస్థ, ట్రెక్కింగ్ సీజన్లలో వాలంటీర్ డాక్టర్లు ఉంటారు. మధ్యాహ్నాలు వచ్చినవాళ్ళందరికీ ఎత్తు జబ్బు గురించి వివరంగా చెబుతారు. ముందు రోజు మేం డింగ్‌బోచేలో ఉన్నప్పుడు ఇది మధ్యలో ఉన్న గుట్ట దాటితే వచ్చేంత దూరంలో ఉంది. గైడ్ వెళ్దామన్నాడు. చలిగా ఉందని మేమే వెళ్ళలేదు. ఆ రాత్రి డాక్టరు పరీక్ష చేసి ఆక్సిజన్ పెట్టారు. నేను బెంచీ మీద కూర్చుని యంత్రం శబ్దం వింటూ మా అక్కకి ఏం చెప్పాలో వంద రకాలుగా అనుకున్నాను. తెల్లారేసరికి బావ లేచి, గీత మీద పది అడుగులు సరిగ్గా వేసి, ఆకలేస్తోందన్నాడు.

అప్పుడు మోగింది ఫోన్. కాఠ్మాండు నుంచి మా ఏజెన్సీ అతను. "హెలికాప్టర్ పంపిస్తున్నాం, మీరేం కట్టక్కర్లేదు, ఇన్సూరెన్స్ ఇస్తుంది" అన్నాడు. డాక్టర్ని అడిగాను. మళ్ళీ పైకి వెళ్ళొద్దు, కోలుకున్నారు కాబట్టి మెల్లగా నడిచి దిగొచ్చు అన్నారు. అదే చెబితే అతను ఒప్పుకోడు. రిస్కంటాడు, మీ బాధ్యతంటాడు, పదిహేను నిమిషాల్లో తేల్చమంటాడు. అవసరం లేని హెలికాప్టర్లు ఎక్కించి ఇన్సూరెన్స్ డబ్బు లాగడం మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపిందని చదివి ఉన్నాను కాబట్టి అనుమానం వచ్చింది. క్లినిక్ బయట ఎండలో నిలబడి పాలసీ పీడీఎఫ్ తెరిచాను. పదకొండో పేజీలో ఉంది, ట్రెక్కింగ్‌కి 4,000 మీటర్ల వరకే వర్తిస్తుందని. మేమున్నది సుమారు 4,300 దగ్గర. ఇన్సూరెన్స్ ఇస్తుందన్న ఆ హెలికాప్టర్ ఎక్కి ఉంటే బిల్లు మొత్తం నా నెత్తిన పడేది. నిజంగా ఎగరాల్సిన పరిస్థితే వచ్చుంటే అప్పుడూ అంతే. పాలసీ కొన్నది నేను, చదవనిది నేను, ఇందులో ఏజెన్సీని అనడానికేం లేదు.

రెండు రోజుల్లో నామ్చే చేరాం. బావ దారిలో కనబడ్డ ప్రతివాణ్ణీ ఆపి తలనొప్పి ఉందా అని అడగడం మొదలుపెట్టాడు.

లుక్లాలో ఇంకో కథ. అక్కడ పైలట్‌కి కళ్ళకి రన్‌వే కనబడితేనే దిగడం, మబ్బు పట్టిందంటే ఏదీ రాదు. మూడు రోజులు ఏదీ రాలేదు. పొద్దున ఐదున్నరకి సంచులు సర్దుకుని ఎయిర్‌పోర్టు, పదకొండుకి మళ్ళీ అదే లాడ్జి, అదే గది. మొదటి రోజు అందరూ సరదాగా పేకాడారు. మూడో రోజుకి చీటికీమాటికీ కసురుకోవడం మొదలైంది. ఎక్కడో ఇంజిన్ శబ్దం వినబడితే చాలు, సగం తిన్న ప్లేట్లు వదిలి బయటికి పరుగులు. అది జెనరేటర్. లాడ్జి నడిపే దీదీ మాత్రం రెండో రోజు నుంచి గది అద్దె సగమే తీసుకుంది, నేను అడగలేదు. అదనపు రోజుల ఖర్చు ప్యాకేజీలో లేదని ఏజెన్సీ చేతులు దులుపుకుంది.

ఎంపికల గురించి అడిగేవాళ్ళకి నా లెక్క ఇది. గైడ్‌కి పెట్టిన డబ్బు మొత్తం ట్రిప్‌లో అన్నిటికన్నా సార్థకం. విదేశీ ట్రెక్కర్లకి గైడ్ తప్పనిసరి అని 2023 ఏప్రిల్ నుంచి నేపాల్‌లో నియమం ఉన్నా ఖుంబులో, అంటే ఈ ఎవరెస్ట్ ప్రాంతంలో, గట్టిగా అమలు చేయడం లేదు, చాలామంది ఒంటరిగానే వస్తున్నారు. రానివ్వండి, నేను మాత్రం గైడ్ లేకుండా వెళ్ళను. ఈ దారి ఉన్న సగర్‌మాథా నేషనల్ పార్కు ప్రవేశ రుసుము సార్క్ దేశాల వాళ్ళకి సగమే, గుర్తింపు చూపించాలి. మనకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్ ఒక్కటే నమ్ముకుని మాత్రం బయల్దేరకండి. వెయ్యి భారత రూపాయలు పదహారు వందల నేపాలీ రూపాయలు, ఈ మారకం స్థిరంగా ఉంటుంది కాబట్టి లెక్కలు సులువు. నామ్చే దాటాక నోట్లే నడుస్తాయి. లగ్జరీ గదికి పెట్టే డబ్బుతో రెండు విశ్రాంతి రోజులూ, లుక్లాలో రెండు ఖాళీ రోజులూ కొనుక్కోండి. ఏజెన్సీని అడగాల్సింది గదిలో హీటర్ ఉందా అని కాదు, డింగ్‌బోచేలో ఎన్ని రాత్రులు అని.

నాలుగో రోజు కూడా మబ్బే. బావ సెలవు అయిపోయింది. ఈ మధ్య లుక్లాకి దగ్గరి దాకా జీపు రోడ్డు వచ్చింది, కొంచెం దిగి నడిస్తే సల్లేరి మీదుగా కాఠ్మాండు వెళ్ళొచ్చన్నాడు గైడ్. దిగాం. ఆ రోడ్డుని రోడ్డు అనడానికి నాకు మనసొప్పదు. మోకాలి లోతు బురద, ఒక పక్క కొండ రాలుతూ, ఇంకో పక్క లోయ. తొమ్మిది మందిని ఎక్కించిన జీపు గంటకోసారి దిగబడేది. ట్రెక్ మొత్తంలో దేవుణ్ణి తలుచుకున్నది నేను అక్కడే.

మూడోసారి దిగబడ్డప్పుడు అందరం దిగి వెనక నుంచి తోస్తున్నాం, మొహాల నిండా బురద. పొద్దున్నుంచీ ఉన్న మబ్బు ఎప్పుడు విడిపోయిందో చూసుకోలేదు. పైన ఇంజిన్ శబ్దం. ఈసారి జెనరేటర్ కాదు. చిన్న విమానం ఒకటి ఎండలో మెరుస్తూ లుక్లా వైపు పోతోంది, కాసేపటికి దాని వెనక ఇంకొకటి.

"తొయ్యి బామ్మర్దీ, పైకి చూడకు" అన్నాడు బావ.