టోస్ట్‌మాస్టర్స్‌లో కొన్నేళ్ళు: స్టేజ్ మీద నిలబడడం గురించి నా రివ్యూ

టోస్ట్‌మాస్టర్స్ అంటే స్పోకెన్ ఇంగ్లీష్ క్లాస్ అనుకుంటారు మనవాళ్ళు చాలామంది. కాదండీ. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన, నలుగురి ముందు మాట్లాడడం ప్రాక్టీస్ చేసుకునే క్లబ్ ఇది, ఇందులో టీచర్ అంటూ ఎవరూ ఉండరు, మెంబర్సే మాట్లాడతారు, మెంబర్సే చూసి ఎలా ఉందో చెప్తారు. హైదరాబాద్‌లో కొన్నేళ్ళ నుంచి వెళ్తున్నా, నాకు మాటల కంటే నిలబడడంలోనే ఎక్కువ మార్పొచ్చింది.

అందరూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలనే అడుగుతారు కానీ నా ఎవాల్యుయేటర్, అంటే నా స్పీచ్ చూసి ఎలా ఉందో చెప్పే మెంబర్, ముందు గమనించింది నా పాదాల్ని. బరువు ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి మారుతూ ఉంటే ఒళ్ళంతా ఊగుతుంది, వినేవాళ్ళ చూపు ఆ ఊపు మీదకే పోతుంది. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్ళు బిగపెట్టకుండా, బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా వేసి నిలబడి చూడండి, ఊపిరి పొట్ట దాకా దిగుతుంది, గొంతులో వణుకు తగ్గుతుంది, చేతులు కూడా చాలావరకు వాటంతటవే కుదురుకుంటాయి. నడవాలంటే పాయింట్ మారేటప్పుడు రెండడుగులు వేసి ఆగాలి, అంతే. చూపు ఒకళ్ళ మీద ఉంచి వాక్యం పూర్తిచేశాకే పక్కవాళ్ళ మీదకి వెళ్ళాలి.

నాకు బాగా పనికొచ్చింది టేబుల్ టాపిక్స్. అప్పటికప్పుడు టాపిక్ ఇస్తారు, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. ప్రిపేరై వచ్చిన స్పీచ్‌లో ఎవరైనా నిటారుగా నిలబడగలరు, ఇక్కడ బుర్ర మాటలు వెతుక్కునే పనిలో పడగానే ఒళ్ళు పాత అలవాటుకి పోతుంది, అందుకే అసలు పరీక్ష ఇదే అంటాను. పైగా ఆ-కౌంటర్ అని ఒకళ్ళు మన "ఆఁ"లూ "అంటే"లూ లెక్కపెడుతుంటారు, దాంతో మాట దొరక్కపోతే నోరు మూసుకుని కదలకుండా ఆగడం అలవాటవుతుంది. ఆ ఆగడంలో మనిషి ఎంత ధైర్యంగా కనిపిస్తాడో చూస్తేగానీ నమ్మరు!

ఇదొక్కటే చాలదు మాత్రం. మీటింగ్‌కి ఇద్దరో ముగ్గురో ప్రిపేర్డ్ స్పీచ్ ఇస్తారు కాబట్టి మన వంతు రావడానికి టైం పడుతుంది. ఈలోపు ఇంట్లో ఫోన్ ట్రైపాడ్ మీద పెట్టి, తల నుంచి పాదాల దాకా కనిపించేలా రికార్డ్ చేసి, సౌండ్ తీసేసి చూడండి. మాటలు వినపడకపోతే షర్ట్ సర్దుకోవడం, ఉంగరం తిప్పడం లాంటివన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

చాలా క్లబ్బుల్లో గెస్ట్‌గా ఫ్రీగానే రానిస్తారు. వెళ్తే మాత్రం వెనక కూర్చుని చూసి వచ్చేయకండి, టేబుల్ టాపిక్స్‌కి పిలిస్తే లేచి వెళ్ళండి.