ఫ్రెంచి రాణి రాని ఊరు

పెన్సిల్వేనియాలో ఫ్రెంచ్ అజైలం అనే పాత ఫ్రెంచి వలస ఊరి చోటు చూడ్డానికెళ్ళాం. టవాండా ఊరి దగ్గర మేం దిగిన లాడ్జి సంగతి ముందు చెప్పాలి. ఆన్‌లైన్‌లో రాత్రికి 119 డాలర్లన్నారు. తీరా వెళ్ళాక "సౌకర్యాల రుసుం" అని ఇంకో 24 డాలర్లు లాగారు. సౌకర్యాల మాట దేవుడెరుగు, కొళాయిలో వేడినీళ్ళే రాలేదు. అడిగితే కౌంటర్లో కుర్రాడు గోడకున్న కాగితం చూపించి మళ్ళీ ఫోన్లో పడ్డాడు. మామయ్యగారు చన్నీళ్ళు పోసుకుని, పొద్దున ఎవరితోనూ మాట్లాడలేదు. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మూడు గంటల దారే, రాత్రి అక్కడ ఉండకండి.

ఫ్రెంచ్ అజైలం మాత్రం తప్పక చూడండి. ముందు రూట్ 6 పక్కన ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెట్ పేరుతో ఉన్న వ్యూపాయింట్ దగ్గర ఆగండి, టికెట్ లేదు. కింద సస్క్విహన్నా నది తిరిగిన ఒంపులోనే ఆ ఊరుండేది. ఫ్రాన్సు విప్లవానికి భయపడి వచ్చిన రాజు మనుషులూ, ఇప్పటి హైతీలో బానిసలు తిరగబడితే పారిపోయిన తోటల యజమానులూ 1793లో ఇక్కడ చేరారు.

ఇల్లు చూపించిన పెద్దావిడ ఎంత ఓపిగ్గా చెప్పిందో! అరెకరం చొప్పున 413 ప్లాట్లు గీశారట. దుంగల ఇళ్ళకే గాజు కిటికీలు, వాల్‌పేపరు. అన్నిటికన్నా పెద్ద ఇల్లు 84 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. రాణి కోసమే కట్టారని ఇక్కడ చెప్పుకుంటారు. ఆ అక్టోబరు 16నే పారిస్‌లో ఆమె తల తీశారు. ఆ పెద్దింట్లో ఒక్క దుంగా మిగల్లేదు. ఇప్పుడు చూపించేది ఆ వలసవచ్చినవాళ్ళలో ఒకరి కొడుకు 1836లో కట్టుకున్న లాపోర్ట్ ఇల్లు.

మామయ్యగారు నోరు విప్పింది అక్కడే. "బానిసల చెమట మీద బతికినవాళ్ళు. జాలెందుకమ్మా?"

"వెంట వచ్చిన పిల్లలేం చేశారు నాన్నా?" అంది మా ఆవిడ.

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. నా కోపమంతా ఈ ఊరికి భూములమ్మిన పెద్దమనుషుల మీద. రాబర్ట్ మోరిస్, జాన్ నికల్సన్ తాహతుకు మించి భూములు కొని దివాలా తీశారు. ఇద్దరూ అప్పుల జైలుకెళ్ళారు, నికల్సన్ 1800లో అక్కడే పోయాడు. 1802లో నెపోలియన్ క్షమాభిక్ష ఇచ్చాక చాలామంది ఫ్రాన్సుకు వెళ్ళిపోయారు. లాపోర్ట్, ఓమే లాంటి కొన్ని కుటుంబాలే ఇక్కడ నిలిచాయి.

వేసవిలో కూడా అన్ని రోజులూ తెరవరు, ఫోన్ చేసి బయల్దేరండి. తిండి వెంట తీసుకెళ్ళండి. స్క్రాంటన్ దాటేదాకా కార్లో తండ్రీకూతుళ్ళ వాదన ఆగలేదు.