డురాంగో ఫాల్ కలర్స్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి

పసుపుపచ్చని ఆస్పెన్ చెట్లు, ఆవిరి రైలు, మెసా వెర్డే నేషనల్ పార్కు, డౌన్‌టౌన్‌లో ఇల్లు, పూటపూటకూ ఆంధ్రా భోజనం, అన్నీ కలిపి ఒకే ధర అంటూ ప్రతి ఆగస్టులోనూ మన వాట్సాప్ గ్రూపులలో ఫోటోలు పెట్టే పెద్దమనిషి ఎవరో ఇది చదువుతున్నవారిలో చాలామందికి తెలుసు. పేరు రాయను, రాయవలసిన అవసరమూ లేదు. ఆయనకు నలుగురి కోసం 1,480 డాలర్లు సమర్పించుకుని, నిన్న రాత్రే కొలరాడోలోని కొండల ఊరు డురాంగో నుంచి డెన్వర్‌కు తిరిగి వచ్చాము. కోపం చల్లారిన తరువాత రాయమని మా ఆవిడ అంటోంది కానీ, అక్టోబరు మొదటి వారానికి ఇంకొక బ్యాచ్‌ను సిద్ధం చేస్తున్నారని తెలిసింది కనుక, చల్లారేవరకూ ఆగితే ఇంకెవరి డబ్బో పోతుంది.

ఎందుకు వెళ్ళామో క్లుప్తంగా చెబుతాను. మా నాన్నగారు దక్షిణ మధ్య రైల్వే విజయవాడ డివిజన్‌లో టికెట్ కలెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వేసవిలో అమ్మతో కలిసి మా దగ్గరకు వచ్చినప్పటి నుంచీ ఆయన అడిగిన కోరిక ఒక్కటే: డురాంగో నుంచి సిల్వర్టన్‌కు వెళ్ళే నేరో గేజ్ రైలు ఎక్కాలి. గనుల నుంచి వెండి, బంగారం ఖనిజం దింపుకోవడానికి 1882లో సిల్వర్టన్ వరకు పూర్తి చేసిన ఆ దారిలో, యానిమస్ నది ఒడ్డున నలభై అయిదు మైళ్ళు, ఇప్పటికీ ఆవిరి ఇంజన్ నడుస్తోందని ఆయన బెజవాడలో ఉండగానే చదువుకుని వచ్చారు. పట్టాల మధ్య దూరం మన నేరో గేజ్‌లో రెండున్నర అడుగులయితే దానిది మూడు అడుగులని కూడా నాకు ఆయనే చెప్పారు. సెప్టెంబరు చివర ఆ రైలుకు టికెట్లు దొరకడం కష్టమని విని వెతుకుతుండగా, ఈ పెద్దమనిషి "మీకెందుకన్నా శ్రమ, అన్నీ నేను చూసుకుంటాను" అన్నారు. చూసుకున్నారు, తన సంగతి మాత్రం చాలా బాగా చూసుకున్నారు.

బయలుదేరేముందు ఆయన వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపారు. పైన ఇంజన్ బొమ్మ, దాని కింద మా నలుగురి పేర్లు, నాన్నగారి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు, ఒక మూల ఆకుపచ్చ రంగులో "కన్ఫర్మ్‌డ్" అన్న ముద్ర. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని దానిని రెండువైపులా తిప్పి చూసి, "ఇందులో బోగీ నంబరు లేదు, సీటు నంబరు లేదు, డబ్బు ఎంత కట్టారో లేదు, ఇది టికెట్ ఎలా అవుతుందిరా?" అని అడిగారు. ముప్పై ఏళ్ళపాటు టికెట్లు చూడడమే ఉద్యోగంగా బతికిన మనిషికి, "ఇక్కడ ఇలాగే ఉంటాయి నాన్నా" అని జవాబు చెప్పిన మేధావిని నేనే. దాని మీద ఇంతకంటే రాయదలచుకోలేదు.

ఇంటి సంగతి కూడా త్వరగా ముగిస్తాను. మెయిన్ అవెన్యూకు, రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో రెండు పడకగదుల ఇల్లు అని చెప్పారు. డెన్వర్ నుంచి దాదాపు ఏడు గంటలు ప్రయాణించి, వుల్ఫ్ క్రీక్ కనుమ దాటి చీకటి పడ్డాక చేరుకుంటే, ఫోన్‌కు వచ్చిన చిరునామా డురాంగోలో కాక, దానికి తూర్పున ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న బేఫీల్డ్ వైపు ఒక మట్టిరోడ్డు చివర తేలింది. ఆ రాత్రి చలికి అందులోని హీటరు పనిచేయలేదు. ఆంధ్రా భోజనం అంటే ఫ్రిజ్‌లో ఒక పులిహోర డబ్బా, ఒక పెరుగు డబ్బా అని అప్పుడే తెలిసింది. ఇంతవరకూ జరిగినదంతా నేను సహించగలిగినదే, ఒకవేళ మర్నాడు రైలు దొరికి ఉంటే ఈ ముక్కలేవీ రాసేవాణ్ణి కూడా కాదు.

మర్నాడు ఉదయం చీకటి విడకముందే లేచి, అమ్మకు శాలువా కప్పి, స్టేషన్‌కు చేరుకున్నాము. డురాంగో సముద్రమట్టానికి ఆరున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరు, సెప్టెంబరు చివర ఉదయంపూట నోరు తెరిస్తే ఆవిరి వస్తుంది. ప్లాట్‌ఫారం పక్కన నల్లటి ఇంజన్ అప్పటికే సిద్ధంగా ఉంది. 2018లో ఆ ప్రాంతంలో పెద్ద కార్చిచ్చు వచ్చిన తరువాత ఈ ఇంజన్లను బొగ్గు నుంచి నూనెకు మారుస్తూ వచ్చారు కనుక నాన్నగారు ఎదురుచూసిన బొగ్గు వాసన లేదు కానీ, ఆ ఆవిరి, ఆ చప్పుడు, చక్రాల పక్కన నూనె పోస్తున్న మనిషి, అన్నీ ఆయన చిన్నప్పటివే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తుడుచుకుని వచ్చిన నాన్నగారు, ఆ కాగితాన్ని జేబులో నుంచి తీసి స్వయంగా కౌంటరులో ఇచ్చారు.

కౌంటరులోని అమ్మాయి దానిని చూసింది, పేరు వెతికింది, ఇంటిపేరు అక్షరాలు మార్చి మళ్ళీ వెతికింది, తేదీ మార్చి కూడా వెతికింది. తరువాత ఎంతో మర్యాదగా, ఇది తమ టికెట్ కాదని, మా పేరున ఏ రోజుకూ ఏ బుకింగూ లేదని, ఆ రోజుకు నలుగురికి సీట్లు కూడా మిగిలి లేవని చెప్పింది. పక్కనే నిలబడిన ఒక కుటుంబం చేతిలోని టికెట్ల మీద బోగీ, సీటు నంబర్లు స్పష్టంగా ఉన్నాయి. నాన్నగారు వాటిని చూసి, మా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి, "ఈ కాగితం పట్టుకుని మా బండి ఎక్కినవాణ్ణి నేనైతే తరువాతి స్టేషన్‌లో దింపేసేవాణ్ణి" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూడలేక నేను ఫోన్ తీశాను.

అసలు ఈ పోస్టు రాస్తున్నది ఆ ఫోన్ సంభాషణ కోసమే. పెద్దమనిషి చాలాసేపటికి ఎత్తారు. జనం రద్దీలో వినిపించక స్పీకర్ పెట్టాను, అమ్మా నాన్నా నా పక్కనే ఉన్నారు. మొదట సర్వర్ సమస్య అన్నారు. కౌంటరులో అన్ని విధాలా వెతికారని చెబితే, తన వెండర్ మోసం చేశాడన్నారు. ఆ వెండర్ ఫోన్ నంబరు ఇవ్వమంటే గొంతు మారిపోయింది. "ఏంటన్నా, ఒక రైలు కోసం పొద్దున్నే ఇంత రచ్చా? అంకుల్ జీవితమంతా రైళ్ళలోనే తిరిగారు కదా, ఇంకా మోజు తీరలేదా?" అన్నారు. అదే సమయంలో ఇంజన్ కూత వేసి కదిలింది. ఆ కూత ఆయనకూ వినిపించింది. వినిపించి, ఏమన్నారో తెలుసా? "అదిగో, రైలు చూసేశారుగా, ఫోటోలు తీసుకోండి" అని ఫోన్ పెట్టేశారు.

డబ్బు పోతే సంపాదించుకుంటాము, టికెట్లు దొరకలేదని నిజం చెప్పి ఉంటే ఇంకొక వారం చూసుకునేవాళ్ళము. ఎక్కవలసిన బండి కళ్ళ ముందే కదిలి వెళుతుంటే, తండ్రి వయసున్న మనిషి వింటున్నాడని తెలిసి కూడా "మోజు తీరలేదా" అనగలిగిన నోటిని ఏమనాలి? గ్రూపులో ప్రతి పండుగకూ "పెద్దల ఆశీస్సులే మన ఆస్తి" అని బొమ్మలు పెట్టే నోరు కూడా అదేనని గమనించగలరు. అమ్మ మాత్రం, "పోనీలే, ఎదురుగా మాట్లాడితే నువ్వు చేయి చేసుకునేవాడివి, ఫోన్‌లో కాబట్టి సరిపోయింది" అంది.

స్టేషన్ యార్డులోనే రైల్వే మ్యూజియం ఉంది. 1989లో కాలిపోతే తిరిగి కట్టిన ఇంజన్ షెడ్డులో దానిని ఏర్పాటు చేశారు. ప్రవేశానికి రుసుము లేదు, కనుక ఈ యాత్ర మొత్తంలో చెప్పిన ధరకే మాకు దక్కినది అదొక్కటే. తరువాత కారులోనే 550వ నంబరు హైవే మీద సిల్వర్టన్‌కు బయలుదేరాము. కోల్ బ్యాంక్, మోలాస్ అనే రెండు కనుమలు దాటాలి, రెండవది దాదాపు పదకొండు వేల అడుగుల ఎత్తు. ఆస్పెన్లు నిజంగానే కొండవాలు పొడవునా పసుపు పరుచుకుని ఉన్నాయి, ఆ విషయంలో మాత్రం పెద్దమనిషి ఫోటోలు అబద్ధం కాదు. కానీ అమ్మకు ఆ ఎత్తులో తలనొప్పి మొదలై, మోలాస్ దగ్గర కారు ఆపి మంచినీళ్ళు తాగించి కాసేపు పడుకోబెట్టవలసి వచ్చింది. నది లోయలో వెళ్ళే రైలయితే ఈ కనుమలు ఎక్కే పనే లేదు. సిల్వర్టన్‌లో మధ్యాహ్నం ఆ రైలు వచ్చి ఆగితే, దిగుతున్నవారిని నాన్నగారు గేటు దగ్గర నిలబడి చూశారు. వృత్తి అలవాటు అనుకుంటాను, ఒక్కొక్కరి చేతుల వైపే చూశారు.

మెసా వెర్డే లెక్క వేరే. ప్యాకేజీలో "పార్కు ప్రవేశం, క్లిఫ్ ప్యాలెస్ టూర్" అని తలకు ఇంత చొప్పున నలుగురికీ వసూలు చేశారు. ఆ పార్కులో మేము కట్టిన ప్రవేశ రుసుము కారుకు 30 డాలర్లు, తలకు కాదు. గేటు దగ్గర ఆ 30 కూడా మళ్ళీ నేనే కట్టాను. ఇక క్లిఫ్ ప్యాలెస్‌లోకి రేంజర్ వెంట ఉంటేనే వెళ్ళనిస్తారు, దాని టికెట్లు ప్రభుత్వ బుకింగ్ సైటు రిక్రియేషన్ డాట్ గవ్‌లో రెండు వారాల ముందు విడుదలవుతాయి, మనిషికి కొద్ది డాలర్లే. అవి కూడా ఆయన కొనలేదు. కొన్నా అమ్మ మోకాళ్ళతో అక్కడి నిచ్చెనలు ఎక్కగలిగేది కాదు, డబ్బు తీసుకునేటప్పుడు పెద్దవారి వయసు అడిగి రాసుకున్న మనిషి ఆ ముక్క చెప్పలేదు. సన్ టెంపుల్ దగ్గర నుంచి లోయకు అవతల కొండ గుహలో కనిపించే ఆ కట్టడాన్ని చూసి తిరిగి వచ్చాము. దానికి టికెట్ అక్కరలేదు.

డబ్బు తిరిగి ఇవ్వమని సందేశం పంపితే, "నాన్ రిఫండబుల్ అని ముందే చెప్పాము బ్రదర్" అని జవాబు వచ్చింది. కొనని టికెట్ నాన్ రిఫండబుల్ ఎలా అవుతుందని అడిగిన కాసేపటికి నన్ను గ్రూపు నుంచి తొలగించారు. గ్రూపులో ఉన్న మిత్రుడొకరు పంపిన స్క్రీన్‌షాట్ ప్రకారం, నేను "చివరి నిమిషంలో ప్లాన్ మార్చుకుని గొడవ చేసిన కస్టమర్" నట. డబ్బు బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే జెల్ ద్వారా పంపించాను, "అయినవాళ్ళం కదా, కార్డు ఛార్జీలు ఎందుకు" అని ఆయనే అడిగారు. మీరే స్వయంగా పంపించారు కనుక వెనక్కు తీసుకోలేమని బ్యాంకు చెప్పింది. కార్డు మీద కట్టి ఉంటే, అందని సేవకు స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజులలోపు అభ్యంతరం రాసి పంపే హక్కు ఉండేది. కొలరాడో అటార్నీ జనరల్ కార్యాలయంలో, వినియోగదారుల మోసాలను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌టీసీలో ఫిర్యాదులు పెట్టాను, ఆ పీడీఎఫ్‌ను కూడా జత చేశాను.

అక్టోబరు బ్యాచ్‌కు డబ్బు కట్టినవారు ఈరోజే ఆయనను బోగీ నంబరు, సీటు నంబరు అడగండి. ఏదో ఒక నంబరు చెబితే సరిపెట్టుకోకుండా, రైల్వేవారి కౌంటరుకు మీరే ఫోన్ చేసి మీ పేరు చెప్పి సరిచూసుకోండి. ఇల్లు డురాంగో నగరంలోనే ఉందంటే పూర్తి చిరునామా, నగరంవారు ఇచ్చిన అద్దె అనుమతి నంబరు తీసుకోండి. మాలాగే ఇంతకుముందు నష్టపోయినవారు ఎవరైనా ఉంటే ఆ కాగితం, చెల్లింపు వివరాలు దాచుకుని నాకు విడిగా సందేశం పంపండి, నా ఫిర్యాదు నంబరు ఇస్తాను, మీరు కూడా అదే నంబరును ప్రస్తావించి ఫిర్యాదు చేయవచ్చు. నాన్నగారి తిరుగు ప్రయాణం నవంబరులో ఉంది, ఈలోగా సీట్లు ఖాళీ అయితే నేరుగా రైల్వేవారి దగ్గరే, కార్డు మీద కొంటాను.