రైస్ మిల్లులో సమాచార వ్యవస్థ: ఆరేళ్లు వాడాక

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. 2019 వానాకాలం వడ్లు రాకముందే మా యజమాని నిర్వహణ సమాచార వ్యవస్థ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. వాడుకలో అందరూ ఎం.ఐ.ఎస్. అంటారు. అప్పటిదాకా మాకున్నవి చిట్టా, ఆవర్జా అనే లెక్కల పుస్తకాలు, ఇనుప తీగకు గుచ్చిన కాటా చీటీలు, పన్నుల కోసం ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్. అమ్మడానికి వచ్చిన రోజు చూపించిన రంగురంగుల చక్రాలను ఆ తర్వాత మళ్లీ తెరిచింది లేదు కాబట్టి వాటి ఊసు ఎత్తను.

గేటు దగ్గర టోకెన్, కాటా తూకం, తేమ, బస్తాలు, హమాలీ కూలి, అన్నీ ఇందులో నమోదవుతాయి. ఫలానా ట్రాక్టరులో 48 క్వింటాళ్లు వచ్చాయన్నది కాటా గుమాస్తాకు సరిపోతుంది. సూపర్‌వైజరుకు ఈ షిఫ్టులో ఎన్ని వడ్లు పోస్తే ఎంత బియ్యం దిగిందో కావాలి. యజమానికి ఆ రెండూ అక్కర్లేదు, రేపు ఈ ధరకే కొనాలా, రెండు రోజులు ఆగాలా అన్నది తేలితే చాలు. ఒకే తూకాన్ని ముగ్గురికీ ఎవరికి కావలసినట్టు వారికి అందించాలి. ఆ పని ఇది బాగానే చేస్తుంది, లోపలికి వెళ్లే అంకె సరిగ్గా ఉంటే.

మొదటి సీజన్లో అది సరిగ్గా లేదు. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే మా గేటు ముందు ట్రాక్టర్లు రాత్రంతా బారులు తీరతాయి. మిషన్ కోసిన వడ్లు ఆరబెట్టకుండానే నేరుగా వస్తాయి. తేమ గడి నింపకపోతే చీటీ రాదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల హద్దు 17 శాతం గనుక ఆ గడిలో ముందుగానే 17 పెట్టి ఇచ్చారు. కాటా దగ్గరి కుర్రాడు మీటరు పెట్టకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోయాడు. నెల నివేదికలో ప్రతి బండీ 17. ఆ కాగితం ప్రింటు తీసి యజమాని బల్ల మీద పెట్టింది నేనే. నాకూ అనుమానం రాలేదు.

దాని ఫలితం గోదాములో బయటపడింది. 17 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లు 14 శాతానికి ఆరితే దాదాపు 96 కిలోలన్నర ఉండాలి. నిజంగా వచ్చినవి 25 శాతం తేమతో వచ్చాయనుకుంటే మిగిలేది 87 కిలోలే. అంటే కంప్యూటర్ లెక్కలో క్వింటాలుకు తొమ్మిది కిలోలకు పైగా మాయం. రాత్రి షిఫ్టులో దొంగతనం జరుగుతోందని యజమాని హమాలీ మేస్త్రీని పిలిపించి నిలదీశారు. "పచ్చి వడ్లు కొని ఎండు వడ్ల లెక్క అడిగితే నేనేం చెప్పాలి సార్?" అన్నాడాయన. వ్యవస్థ పట్టుకోలేని తప్పును ఆ ఒక్క మాట పట్టుకుంది. ఆ గడిని ఖాళీగా ఉంచమన్నాం. వరసగా పది బండ్లకు ఒకే అంకె పడితే సూపర్‌వైజరు ఫోనుకు సందేశం వెళ్లేలా చేయించాం. మేం కొన్నదానిలో అసలు పనికొచ్చే భాగం అదే.

ఇందులో 43 రకాల నివేదికలు ఉన్నాయి. వాడేది మూడు. నిర్వాహకులకు కొరవడింది సమాచారం కాదు, అక్కర్లేని సమాచారమే వాళ్ల మీద పోగుపడుతోందని అమెరికా నిర్వహణ శాస్త్ర పండితుడు రస్సెల్ ఆకాఫ్ 1967లోనే వాదించాడు. నల్లగొండలో ఎంబీఏ చదువుతూ పరీక్ష కోసం బట్టీ పట్టిన సంగతి, మిల్లులో కూర్చున్నాక అర్థమైంది. ఆ మూడింటిలో నేను వదులుకోలేనిది హద్దు దాటినవాటిని మాత్రమే చూపే ఉదయపు నివేదిక. ప్రభుత్వ వడ్లు ఆడించి ఇస్తే క్వింటాలుకు పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు అప్పగించాలి. ఆ అంకెల చుట్టూనే మా హద్దులు పెట్టించాను. అంతా సవ్యంగా ఉన్న రోజు కాగితం ఖాళీగా వస్తుంది. రెండేళ్ల కిందట మూడు రోజులు వరసగా ఒకే వాక్యం వచ్చింది: రెండో లైనులో నూకలు ఎక్కువ. విప్పి చూస్తే పొట్టు తీసే రబ్బరు రోలర్లు అరిగి ఉన్నాయి. పాత పద్ధతిలో అయితే ఈ సంగతి నెలాఖరు లెక్కల్లో గానీ తెలిసేది కాదు.

లోపాలకూ కొదవ లేదు. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కించాలి. ఒకే వెంకటేశ్వర్లు నాలుగు స్పెల్లింగులతో నలుగురు రైతులయ్యాడు, బకాయి నాలుగు ముక్కలైంది. ఫోను నంబరును గుర్తుగా పెడితే సీజను సీజనుకూ నంబర్లు మారాయి. చివరికి పట్టాదారు పాస్‌పుస్తకం నంబరు దగ్గర కుదురుకున్నాం. కౌలు రైతులకు అదీ లేదు, వాళ్లకు మేమే ఒక వరుస సంఖ్య ఇస్తున్నాం. నెట్ పోతే కాటా ఆగిపోయేది. ఇప్పుడు కాటా గదిలోనే నమోదై తర్వాత పైకి చేరుతుంది. నిర్వహణ రుసుము ఏటా కట్టాలి, బేరం లేదు.

రోజుకు పది బండ్లు వచ్చే చిన్న మిల్లుకు ఇది దండగ, మంచి గుమాస్తా చాలు. మాలాంటి మిల్లుకైతే కొనమనే చెబుతాను, కొన్నాక మొదటి నెల మాత్రం కాటా గదిలో ఎవరైనా కూర్చోవాలి. రైతుకు ఇచ్చే కొనుగోలు చీటీ, అంటే తక్‌పట్టీ, తెలుగులో రావాలని మూడేళ్లుగా అడుగుతున్నాం, వచ్చే వెర్షన్‌లో ఇస్తామంటున్నారు. అప్పటిదాకా ఇంగ్లిష్ పేరు పక్కన పెన్నుతో తెలుగులో రాసి ఇవ్వడం నా పనుల్లో ఒకటి.