జేబులో పట్టింది సరే, చేతిలో?

నాలుగు రోజుల కొండల ట్రిప్పుకి ఈసారి పెద్ద కెమెరా, లెన్సుల బ్యాగు ఇంట్లోనే వదిలేసి ఒక్క కాంపాక్ట్ కెమెరా జేబులో వేసుకుని బయల్దేరాను. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100తో జేబు కెమెరాల్లోకి వచ్చిన ఒక అంగుళం సెన్సారే (వెలుతురుని బొమ్మగా మార్చే చిప్) ఇందులోనూ ఉంది (నాది వేరే కంపెనీది). అంగుళం అనేది పేరుకే. పాత వీడియో ట్యూబుల కొలత నుంచి వచ్చిన పేరది, అసలు సైజు 13.2 × 8.8 మి.మీ. అయినా మామూలు చిన్న కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సార్ కంటే వైశాల్యంలో దాదాపు నాలుగు రెట్లు.

ఆ తేడా కోటలో తెలిసింది. లోపలి గదుల్లో వెలుతురు సన్నటి కిటికీల్లోంచి వచ్చేది మాత్రమే, అయినా ఐఎస్ఓ (వెలుతురు తక్కువైనప్పుడు పెంచుకునే సెట్టింగ్) 1600 దాకా ఫొటోలు బాగానే వచ్చాయి. కాకపోతే జూమ్ చేయకుండా వైడ్‌లో పెట్టినప్పుడే. జూమ్ చేస్తున్న కొద్దీ లెన్స్ రంధ్రం కొలత ఎఫ్2 కాస్తా ఎఫ్4 అయిపోతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. దాంతో షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండి, చెయ్యి కదిలి పైకప్పు మీది చెక్కడాలన్నీ మసగ్గా వచ్చాయి. తప్పు నాది కూడా, స్తంభానికి ఆనుకుని తీసుంటే సరిపోయేది.

జలపాతం దగ్గర మాత్రం చిరాకేసింది. జేబులోంచి సులువుగా తీయడానికని బాడీ అంతా నున్నగా చేశారు, ముందువైపు వేలికి ఆనడానికి చిన్న ఉబ్బు కూడా లేదు. చేతులు తడిగా ఉంటే సబ్బు బిళ్ళ పట్టుకున్నట్టే ఉంటుంది. మణికట్టు తాడు లేకపోతే అది ఆ రోజే నీళ్ళలో ఉండేది. పైగా కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, ఎండలో స్క్రీన్ మీద బొమ్మకి బదులు నా మొహమే కనిపించింది. అందాజుగా నొక్కుకుంటూ పోయాను. లెన్స్ చుట్టూ ఉన్న రింగు మాత్రం నాకు బాగా నచ్చింది, మెనూలోకి వెళ్ళకుండానే ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలో) మార్చుకోవచ్చు.

నేను బస చేసిన గది శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే లోయ, పనివాళ్ళు మర్యాదస్తులు. ప్లగ్ పాయింట్ మాత్రం ఒక్కటే, అదీ మంచానికి అవతలి మూల. కెమెరాతో వేరే ఛార్జర్ ఇవ్వలేదు, బ్యాటరీని కెమెరాలోనే ఉంచి కేబుల్ పెట్టాలి. దాంతో రాత్రంతా ఫోన్‌కీ కెమెరాకీ వంతులు. మూడో రోజు సూర్యోదయానికి మంచు విడిపోయే సరిగ్గా ఆ పది నిమిషాల్లో ఛార్జి అయిపోయింది, చేసేదేం లేక రెయిలింగ్ పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఇంకో బ్యాటరీ, దానికో విడి ఛార్జర్ కొనకుండా ఇలాంటి కెమెరాతో ఊరు దాటొద్దు.

ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే చివరి రోజు ఆకాశాలన్నిట్లో ఒకే చోట బూడిదరంగు మచ్చ. జేబులో నూగు ఉంటుంది కదా, లెన్స్ బయటికీ లోపలికీ కదిలినప్పుడల్లా ఆ సందుల్లోంచి లోపలికి పోయుంటుంది. పెద్ద కెమెరా అయితే లెన్స్ ఊడదీసి గాలి కొట్టేవాణ్ణి, దీని లెన్స్ ఊడిరాదు. సర్వీస్‌కి ఇచ్చాను, పనిలో పనిగా అతికించే రబ్బరు గ్రిప్ ఒకటి కొన్నాను.